తపస్సు మాను ఎక్కిన కాలు

విరిగిన ఎముకలకు కట్లు కట్టే దొరస్వామికి ఒక వింత అలవాటు ఉండేది. కట్టు కట్టేటప్పుడు ఆయన ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఎముకను సరిచేసి, ఆకు పసరులో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించి, "పోయిరా నాయనా" అని పంపేసేవాడు. పేచీ అంతా విప్పేటప్పుడే. గడువు వచ్చిందని రోగి వచ్చి కూర్చుంటే, "నొప్పి ఎట్లుంది" అని అతన్ని అడగడానికి ముందే తన శిష్యుడి వైపు తిరిగి, "ఈ పొద్దు నీ మనసెట్లుంది?" అని అడిగేవాడు. ఆయన చేతులకు వణుకు వచ్చినప్పటి నుంచి, విరిగినచోట బొటనవేలితో నొక్కి ఎముక అతికిందో లేదో చూసే పని శిష్యుడు మునిశేఖర్‌దే. అయినా రోగిని వదిలేసి వైద్యం చేసేవాడి కులాసా కనుక్కోవడం ఏమిటని వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు.

శేఖర్‌కు ఈ అలవాటు మొదట్లో ముచ్చటగానే ఉండేది. పోనుపోను చికాకు పుట్టించింది. "బాగుందయ్యా" అంటే, "అయితే నొక్కి చూడు, విప్పొద్దు. రేపు ఇంకొకసారి నొక్కుదువు" అనేవాడు గురువు. "ఏం బాగలేదయ్యా" అన్నా సరిగ్గా అదే మాట. "ఏముందయ్యా, మామూలే" అన్న రోజే విప్పనిచ్చేవాడు. ఒకనాడు పొద్దున్నే శేఖర్‌కు పెళ్లి సంబంధం ఖాయమైందని ఇంటి నుంచి కబురు వచ్చింది. కాసేపటికి దూరపు ఊరి నుంచి మగ్గం నేసే మనిషి ఒకతను ముంజేతి కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. శేఖర్ నొక్కి చూశాడు. ఎముక రాయిలా తగిలింది. దొరస్వామి మాత్రం ఆ చేతిని చూడలేదు, శిష్యుడి వెలిగిపోతున్న ముఖాన్ని చూశాడు. చూసి, "రేపు రా నాయనా" అన్నాడు నేతగాడితో. అతను పాపం, బస్సు దిగినవాడు దిగినట్టే మళ్లీ బస్సు కోసం గొణుక్కుంటూ పోయాడు. శేఖర్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఒక మాట అడుగుతానయ్యా, కోపం తెచ్చుకోవద్దు" అన్నాడు. "నా మనసు బాగున్నా రేపే అంటారు, బాగలేకున్నా రేపే అంటారు. ఎముక అతికిందా లేదా అనేది ఆ నేతాయన చేతిలో ఉండే సంగతి. నా మనసుకీ ఆయన ముంజేతికీ ఏమి సంబంధం?"

దొరస్వామి కోపం తెచ్చుకోలేదు. "బాగా అడిగినావు. కూర్చో" అన్నాడు. కూర్చోబెట్టి తన గురువు నారాయణప్ప సంగతి చెప్పాడు. దొరస్వామి మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే అర పేజీకి మించదు. కానీ ఆ కథలో మనుషులు అర పేజీలో ఇమిడేవాళ్లు కారు. అందుకని కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

నారాయణప్ప ఊళ్లో ధర్మరాజుల గుడి ఉంది. ఏటా ఎండాకాలం అక్కడ భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, పొద్దుపోయాక నాటకం ఆడతారు. అన్నిటికన్నా జనం ఎక్కువ ఎదురుచూసేది అర్జున తపస్సు రోజు కోసం. గుడి ముందర ఆకాశాన్ని అంటేటట్టు ఒక పొడవాటి మాను పాతుతారు. దాన్ని తపస్సు మాను అంటారు. అస్త్రం కోసం శివుడి గురించి తపస్సుకు బయల్దేరిన అర్జునుడు పొద్దున్నే దాని మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ, మెట్టుకొక పద్యం పాడుతూ కొసకు చేరతాడు. చేరి, ఒడిలో కట్టుకున్న నిమ్మపండ్లు కిందికి విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కొంగులు పట్టుకుని మాను చుట్టూ నిలబడి ఉంటారు. ఎవరి కొంగులో పండు పడితే వాళ్లకు బిడ్డ కలుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

ఆ ఊరి అర్జునుడు ఏకాంబరం. మామూలు రోజుల్లో చెరకు నరికే మనిషి, నలుగురిలో నోరెత్తడు. వేషం కట్టి మాను ఎక్కాడంటే మాత్రం ఆ గొంతు చుట్టూ ఉన్న గుట్టలకు తగిలి తిరిగి వచ్చేది. పక్క ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. కూలికి పోయినచోట పదిమందిలో ఒకడైన ఏకాంబరాన్ని ఆ ఒక్క పూట ఊరంతా తలెత్తి చూసేది. ఏడాది పొడుగునా అతను బతికేది ఆ పూట కోసమేనని భార్య చెంగమ్మకు తెలుసు. తెలిసినా ఆమె భయం ఆమెది. మొగుడు పైకి ఎక్కుతున్నంతసేపూ నేల చూపులు చూస్తూ నిలబడేది.

ఆ ఏడు భారతానికి ముందు ఏకాంబరం చెరకు బండి మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కింద ఎముక విరిగింది. నారాయణప్ప చక్కగా కూర్చి, మోకాలి కిందివరకే కట్టు కట్టాడు. తపస్సు రోజు దగ్గర పడేసరికి ఏకాంబరానికి మనసు మనసులో లేదు. ఒక పొద్దున భార్యతో కలిసి వచ్చి కాలు చాపి కూర్చున్నాడు. నారాయణప్ప కట్టు సడలించి, సందులోంచి వేలు పెట్టి నొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా పచ్చిగా ఉండాది ఏకాంబరం. లోపల సన్నగా కదులుతా ఉండాది. ఈ ఏటికి మాను ఇంకొకరు ఎక్కనీ. నువ్వు కింద కూర్చుని పాడు."

ఏకాంబరం ముఖం చిన్నబోయింది గానీ ఎదురు చెప్పలేదు. ఎక్కడానికి మనిషి లేకపోలేదు. అతని బావమరిది అప్పటికే ఆ పద్యాలు వల్లె వేస్తున్నాడు. ఏకాంబరం ఎక్కకపోతే తపస్సు ఆగిపోయేది కాదు, దేవుడు అలిగేవాడూ కాదు. ఈ సంగతి నారాయణప్పకూ తెలుసు. తెలిసి ఉండడమే తర్వాత ఆయన్ను ఎక్కువ కాల్చింది. సరే, చెంగమ్మ ఎవరిదైనా బండి దొరుకుతుందేమో చూసొస్తానని వెళ్లింది. ఏకాంబరం పందిట్లో కూర్చున్నాడు. అప్పటికి అంతా సవ్యంగానే ఉంది.

నారాయణప్పకు ఒక్కతే కూతురు, నాగవేణి. పెళ్లయి చాలా ఏళ్లయినా కడుపు నిలిచేది కాదు. నిలిచినట్టే నిలిచి పోయేది. క్రితం ఏడు భారతానికి ఆమె కూడా తడిచీరతో మాను కింద నిలబడింది. "ఎముకలు కట్టేవాడి బిడ్డవి, నిమ్మకాయల వెంట పడతావా" అని నారాయణప్ప కసురుకున్నాడు. ఏకాంబరం విసిరిన పండు నేరుగా వచ్చి ఆమె కొంగులో పడింది. తర్వాత నెల తప్పింది. ఈసారి నిలిచింది. ఆమె పురిటి రోజులు దగ్గర పడుతున్నకొద్దీ నారాయణప్పకు అన్నం సయించడం మానేసింది. పైకి మాత్రం బింకంగా ఉండేవాడు, గుమ్మంలో అలికిడి అయితే పైప్రాణాలు పైనే పోయేవి.

ఆ పొద్దునే, ఏకాంబరం ఇంకా పందిట్లో ఉండగానే, అల్లుడి తమ్ముడు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. వీధి మొదట్లోనే కేక వేశాడు. "మామా! ఆడబిడ్డ! తల్లీ బిడ్డా సుఖంగా ఉండారు!"

ఇక నారాయణప్పను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. బెల్లం దిమ్మ తెప్పించి గోడకేసి కొట్టి పగలగొట్టాడు. దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టి లాగి నోట్లో బెల్లం పెట్టాడు. తుంటి విరిగి నెలల తరబడి మంచం మీదున్న ఎదురింటి ముసలాయన దగ్గరికి వెళ్లి, "దసరాకు నువ్వు నడిచి తిరుత్తణి పోతావు చూడు, నాది పూచీ" అన్నాడు. ముసలాయన బిత్తరపోయాడు. నిన్నటిదాకా "చూద్దాంలే" తప్ప ఇంకో మాట రాని వైద్యుడి నోరు అది. ఆ పూట నారాయణప్ప కంటికి లోకంలో చెడిపోయేది, విరిగిపోయేది ఏదీ కనిపించలేదు. మబ్బు లేని ఆకాశం చూసి సాయంత్రానికి వాన పడుతుందని కూడా అన్నాడట.

తిరిగి వచ్చేసరికి పందిట్లో ఏకాంబరం కనిపించాడు. నారాయణప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ చేతి పండు కదప్పా ఇది! పోయినేడు నేను నా బిడ్డను తిట్టినా. నువ్వు విసిరిన పండు ఈ పొద్దు నా బిడ్డ ఒళ్లో కేరుకేరుమంటా ఉండాది. నువ్వు మాను ఎక్కకుండా ఎట్లా? ఏదీ, కాలు ఇట్లా పెట్టు."

పొద్దున నొక్కినచోటే మళ్లీ నొక్కాడు. అదే కాలు. నొక్కిన వేలు కూడా అదే. గట్టిగా తగిలింది.

ఇక్కడ దొరస్వామి కథ మధ్యలో శిష్యుడి వైపు తిరిగాడు. "నారాయణప్ప అబద్ధమాడినాడని అనుకోవద్దు" అన్నాడు. "ఆయన వేలికి నిజంగానే గట్టిగా తగిలింది."

ఏకాంబరం ఆశ ముఖంలో దాచుకోలేకపోయాడు, అయినా నిజం చెప్పాడు. "లోపల ఇంకా సలుపుతా ఉండాదన్నా." నారాయణప్ప నవ్వేశాడు. "అది ఎముక నొప్పి కాదు, కట్టు బిగువు. విప్పితే పోతాది" అని వెదురు బద్దలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు. చెంగమ్మ బండి మాట్లాడుకుని వచ్చేసరికి మొగుడు కట్టు లేని కాలితో గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. ఆమెకు నవ్వు రాలేదు.

"పొద్దున పచ్చిగా ఉండాదంటివే అన్నా?"

"పొద్దున సరిగ్గా చూళ్లేదు చెంగమ్మా."

"నాకు ఒక్క మాట చెప్పు. మాను ఎక్కొచ్చా?"

"ఎక్కొచ్చు. నా మాట మీద పంపించు" అన్నాడు నారాయణప్ప, ఆమె చేతిలోనూ ఇంత బెల్లం పెడుతూ. పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట తప్పిపోవడం ఎవరూ చూడలేదు. ఆమె ఆ మాట పట్టుకుని ఇంటికి పోయింది.

తపస్సు రోజు నారాయణప్ప అందరికన్నా ముందు వచ్చి మాను ఎదుట కూర్చున్నాడు. "ఆ కాలు నేను కట్టిందే" అని పక్కవాళ్లకు అడగకపోయినా చెప్పాడు. ఏకాంబరం కిరీటం పెట్టుకుని, ఒడినిండా నిమ్మపండ్లు కట్టుకుని వచ్చి మానుకు మొక్కాడు. మొదటి పద్యం ఎత్తుకున్నాడు. ఎన్నడూ అంత బాగా పాడలేదని తర్వాత జనం చెప్పుకున్నారు. కింది మెట్లు బాగానే ఎక్కాడు. ఇంటి చూరు ఎత్తు దాటాక, మంచి కాలు పై మెట్టుకు ఎత్తడానికి బరువంతా ఆ కాలి మీద మోపాడు. పద్యం సగంలో తెగిపోయింది. ఎముక విరిగిన చప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్లకు వినిపించిందంటారు. నారాయణప్పకు మాత్రం తప్పకుండా వినిపించింది, ఆయన బతికినన్నాళ్లూ వినిపించింది.

అంత ఎత్తు నుంచి పడి ప్రాణం దక్కడమే గొప్ప. కొంగులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు చెల్లాచెదురయ్యారు. నిమ్మపండ్లు నలుదిక్కులా దొర్లిపోయాయి. వాటి కోసం ఏడాదంతా ఎదురుచూసిన వాళ్లలో ఒక్కరు కూడా వంగి ఒక్క పండు తీసుకోలేదు. చెంగమ్మ ఏడవలేదు. మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, జనంలో నారాయణప్ప కోసం వెతికి, ఆయన కళ్లలోకి చూసింది. తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలిక అయ్యేదేమో.

శేఖర్ నిట్టూర్చాడు. "అర్థమైందయ్యా" అన్నాడు. అతని ముఖంలో పొద్దున్నుంచీ ఉన్న వెలుగు కాస్త తగ్గింది. "సంతోషంలో వేలు మోసం చేస్తాది. ఆ దెబ్బతో పెద్దాయనకు జాగ్రత్త తెలిసొచ్చి ఉంటాది. ఇంకెవరి కాలూ తొందరపడి విప్పి ఉండడు."

"ఆయన కూడా అట్లనే అనుకున్నాడు" అన్నాడు దొరస్వామి. "కథ ఇంకా ఉండాది."

నారాయణప్ప ఆ కాలు మళ్లీ కట్టాడు. ఎముక అదే చోట విరిగింది, మునుపటికన్నా కష్టమైన విరుపేమీ కాదు. చెప్పాలంటే మునుపటికన్నా చక్కగా కూర్చాడు, ఎందుకంటే కూర్చేటప్పుడు ఆయన ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. కాకపోతే ఈసారి కట్టు మోకాలి కింద ఆపలేదు. మోకాలు కలుపుకుని తొడ దాకా కట్టాడు. "మోకాలు వంగితే ఎముక కదులుతాది" అన్నాడు. కట్టేసి, అతని పాదాల దగ్గర కూర్చుని, పెద్దవాడన్న సంగతి మరిచి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వేం చేస్తావన్నా, ఎక్కింది నేను, పడింది నేను" అన్నాడు ఏకాంబరం. అతను మంచికే అన్నాడు. ఆ మంచితనం నారాయణప్పకు అన్నిటికన్నా బరువైంది.

నారాయణప్ప మనవరాలిని చూడడానికి కూడా పోలేదు. ఏ బిడ్డ పుట్టిందన్న సంతోషంలో ఇంత జరిగిందో ఆ బిడ్డ ముఖం చూసే ధైర్యం చాల్లేదు. ఎదురింటి ముసలాయన దగ్గరికి పోయి, తానిచ్చిన పూచీ వెనక్కి తీసుకుంటూ, "నువ్వు లేస్తావని నాకు నమ్మకం లేదు, ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు. ఆ ముసలాయన ఈసారీ బిత్తరపోయాడు, ఎందుకంటే అప్పటికే కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తున్నాడు. నారాయణప్ప కంటికి అది కనిపించలేదు. ఎవరి చెయ్యి చూసినా వంకరగా అతుకుతుందనిపించేది, ఎవరి కాలు చూసినా మళ్లీ విరుగుతుందనిపించేది. ఊరి జనం మాత్రం, దెబ్బ తిన్నాక మనిషి ఎంత జాగ్రత్తపరుడయ్యాడో చూడమని చెప్పుకున్నారు.

ఏకాంబరం కాలు ఆషాఢం చివర్లో వచ్చే ఆడికృత్తిక పండుగ నాటికి విప్పాలి. అంతకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. నారాయణప్ప వెళ్లి, కట్టు సడలించి నొక్కాడు. వేలి కింద ఎముక కదిలినట్టయింది. మాను మీద విరిగిన చప్పుడు చెవిలో మోగింది. గబగబా మళ్లీ బిగించేశాడు. వినాయకచవితికి నొక్కాడు, మళ్లీ కదిలినట్టే ఉంది. దసరాకూ అంతే. ఏకాంబరం మెల్లగా అడిగాడు.

"అన్నా, ఎముక నొప్పి ఎప్పుడో పోయింది. మోకాలే దిమ్మెక్కి మొద్దులాగా ఉండాది. ఒక్కసారి విప్పి వంచితే..."

"వద్దు! నువ్వు చెప్పొద్దు, నాకు తెలుసు" అన్నాడు నారాయణప్ప. గొంతులో అంత భయం చూసి ఏకాంబరమే ఆయన్ను ఓదార్చి పంపాడు. చెంగమ్మకు అనుమానం రాకపోలేదు. కానీ మొగుడి కాలు తొందరపడి విప్పినందుకు ఒకసారి కుమిలిపోయిన మనిషి ఆమె. విప్పమని తాను ఏ నోటితో అడుగుతుంది?

కార్తీకంలో నాగవేణి బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చింది. తండ్రి రాకపోతే తానే వచ్చింది. వచ్చి బిడ్డను ఆయన ఒళ్లో పడుకోబెట్టి, నీళ్లు కాచుకోవడానికి లోపలికి పోయింది. బిడ్డ తాతయ్య వేలు పట్టుకుని నిద్రపోయింది. రెండు మూడు రోజులకు నారాయణప్ప మామూలు మనిషయ్యాడు. పొంగిపోయిందీ లేదు, కుంగిపోయిందీ లేదు. అన్నం తిన్నాడు, పొద్దున్నే లేచి పశువులకు మేత వేశాడు. ఉయ్యాల తాడు ఒకచోట పురి విడిపోతోందని, కొత్తది పేనాలని అనుకున్నాడు. ఆ రోజు ఆయన మనసులో ఉన్న పెద్ద సంగతి ఆ తాడే.

తాడు సరంజామా ముందు వేసుకుని కూర్చుని ఉండగా చెంగమ్మ మొగుణ్ణి బండి మీద తీసుకొచ్చింది. నారాయణప్ప ఒక కొస కాలివేళ్ల మధ్య బిగించి, రెండో కొస ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో అలవాటుగా ఏకాంబరం కట్టు సడలించి, "ఈ తాడు ఎన్నాళ్లు వస్తాదంటావు ఏకాంబరం" అంటూ నొక్కాడు. నొక్కినవాడు ఆగిపోయాడు. తాడు వదిలేసి ఈసారి రెండు వేళ్లతో నొక్కాడు. పైనా కిందా నొక్కాడు. ఎముక ఇనుములా ఉంది. నిన్నా మొన్నా అతికిన ఎముక కాదు. కొత్తగా అతికినచోట ఉండే మెత్తదనం ఎక్కడా లేదు, విరిగినచోట కట్టిన బుడిపె కూడా సగం అరిగిపోయింది. అది గట్టిపడి నెలలయింది.

కట్టంతా విప్పేశాడు. కాలు చెక్కపేడులా సన్నగా బయటపడింది. మడమ కింద చెయ్యి పెట్టి మోకాలు వంచబోయాడు. వంగలేదు. ఏకాంబరం పళ్లు బిగించి ఓర్చుకున్నాడు, అయినా వంగలేదు. ఆముదం కాచి మర్దనాలు చేశారు, వేడినీళ్ల కాపడం పెట్టారు, నారాయణప్ప రోజూ వెళ్లి తన చేత్తో పట్టి వంచాడు. సంక్రాంతి పోయింది, ఉగాది వచ్చింది. ఆ మోకాలు నాలుగు వేళ్ల మేర వంగి అక్కడితో ఆగిపోయింది. ఏకాంబరం నడిచాడు. గట్టు ఎక్కాలంటే పక్కకు తిరిగి కాలు ఈడ్చుకోవాలి. మాను సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఏడు భారతానికి బావమరిది అర్జునుడయ్యాడు. కుర్రవాడు చురుగ్గా ఎక్కాడు గానీ గొంతు చాల్లేదు. అందుకని మాను మొదట్లో ఒక బల్ల వేసి ఏకాంబరాన్ని కూర్చోబెట్టారు. అతని కాలు ముందుకు చాపి ఉంది. పైన కుర్రవాడు మెట్టు ఎక్కుతుంటే కింద ఏకాంబరం పద్యం పాడాడు. గొంతు ఎప్పటిలాగే గుట్టలకు తగిలి తిరిగి వచ్చింది. జనం మాత్రం తలెత్తి పైకే చూశారు. పాడుతున్నవాణ్ణి ఎవరూ చూడలేదు. నారాయణప్ప ఒక్కడే చూశాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ, బతికినన్నాళ్లూ, ఆయన ఆ జనంలో నిలబడి పైకి చూడకుండా కిందికే చూసేవాడు.

మొదటి తప్పును ఊరు క్షమించింది. సంతోషంలో ఏదో పొరబాటు పడ్డాడు, మనిషన్నాక పడడా అన్నారు. రెండోదాన్ని ఊరు అసలు తప్పుగానే ఎంచలేదు. ఎంత జాగ్రత్త తీసుకున్నా ఏకాంబరం రాత అంతే అనుకున్నారు. చెంగమ్మ కూడా చేతులెత్తి దండం పెట్టింది, నా మొగుడి కోసం నువ్వు పడ్డ అగచాట్లు ఎవరు పడతారన్నా అని. క్షమించేవాళ్లు లేని తప్పు అది. నారాయణప్ప ఒక్కడే దాన్ని మోసుకుని తిరిగాడు. విరిగిన కాలు ఆడికృత్తికకే బాగయిందనీ, అవిటిది చేసింది తాననీ ఆయనకు తెలుసు.

దొరస్వామి చెప్పడం ఆపాడు. బయట ఎండ వంట పందిరి మీదికి వచ్చింది. శేఖర్ చాలాసేపు తన బొటనవేలి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. పెళ్లి కబురు సంగతి అతనికి కాసేపు గుర్తు రాలేదు. నేతగాడు గొణుక్కుంటూ పోవడం మాత్రం గుర్తొచ్చింది.

"కానీ అయ్యా" అన్నాడు చివరికి. "సంతోషంలో చేసిందాన్ని తప్పంటే ఒప్పుకుంటాను. ఈ రెండోది తప్పని నా మనసుకు రావడంలేదు. పాపం, పెద్దాయన ఎంత బాధపడినాడో. అంత బాధ లేకుంటే అన్నాళ్లు విప్పకుండా ఉంటాడా?"

దొరస్వామి లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు దులుపుకున్నాడు.

"బాధ ఆయనది నాయనా" అన్నాడు. "కట్టేమో ఏకాంబరం కాలికి ఉండింది."